వెలుతురు పరీక్ష

రెండో తలుపు కూడా మూసుకున్నాక అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నలభై అడుగుల ఇనపపెట్టెలో పూర్తి చీకటి. కాళ్ళ కింద చెక్క నేల, ముక్కుకు పాత సరుకు వాసన. పోయినసారి ఎవరో దీంట్లో సబ్బులు పంపినట్టున్నారు. పనల్లా ఇంతే. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగాలి. పైకప్పూ గోడలూ తలుపు చుట్టూ ఉండే రబ్బరూ వరసగా చూడాలి. ఎక్కడైనా సూదిమొనంత వెలుతురు కనిపిస్తే అక్కడ చిల్లున్నట్టు. వెలుతురు దూరిన చోట వాన దూరుతుంది, సముద్రం దూరుతుంది. నలభై రోజుల ఓడ ప్రయాణంలో బఠాణీ డబ్బాలు తుప్పు పట్టడానికి ఆ చిల్లు చాలు.

ఏమీ కనిపించలేదు.

ఈమధ్య ఏ కంటైనరులోనూ ఏమీ కనిపించడం లేదు. లోకంలో కంటైనర్లన్నీ కూడబలుక్కుని ఒక్కసారిగా బాగుపడ్డాయని నమ్మడానికి అతను కొన్నాళ్ళు నిజాయితీగానే ప్రయత్నించాడు.

లోపలినుంచి మూడుసార్లు తట్టాడు. తలుపు తీసింది సంచులమ్మాయి. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, అయినా గోదాములో ఆమె పేరు అదే. కంటైనరు లోపల తేమ పీల్చే సంచులు వేలాడగట్టడం ఆమె పని. అతని పేరు చీకటి బాబాయి. ముప్పై ఒక్కేళ్ళుగా రోజుకు ఆరేడుసార్లు చీకట్లో నిలబడే మనిషికి ఎవరైనా ఇంకేం పేరు పెడతారు.

"ఏం బాబాయ్, చుక్కలేమైనా పొడిచాయా?"

రోజూ అడిగేదే. మూడు వారాలుగా ఆ అడగడంలో నవ్వు లేదు.

"మబ్బు పట్టింది," అన్నాడు అతను, రోజూ చెప్పేదే. కాగితం మీద సంతకం పెట్టాడు. సంతకానికి కళ్ళతో పనిలేదు.

మూడు వారాల కిందట ఒక కంటైనరు సరుకంతా అవతలి రేవునుంచి వెనక్కి వచ్చింది, డబ్బాలు తుప్పు పట్టాయని. సంచులు తక్కువ కట్టినందువల్లే లోపల తేమ చేరిందని మేనేజరు తేల్చాడు. ఇవాళ నాలుగింటికి ఆమెను గదికి రమ్మన్నాడు. ఆ గదికి రమ్మన్నవాళ్ళు మర్నాడు పనికి రారు.

వెనక్కొచ్చిన సరుకు ఫొటోలను అతను ముక్కుకు ఆనించుకుని చూశాడు. తేమ చేరితే కప్పంతా చెమర్చి పైవరస డబ్బాలన్నీ పాడవుతాయి. ఇక్కడ ఒక్క మూల దొంతర మాత్రమే, పైనుంచి కిందిదాకా, గీత గీసినట్టు తుప్పు పట్టింది. అది సంచుల తప్పు కాదు. పైమూల చిల్లు. ఆ సంగతి గోదాములో అతనికొక్కడికే తెలుసు. ఆ కంటైనరేమో ఎవరి సరుకు మోస్తూ ఏ సముద్రం మీద ఉందో.

కళ్ళ డాక్టరు పోయిన ఏడాదే చెప్పాడు. "శుక్లమైతే తీసి పారేసేవాణ్ణి. ఇది నరం. ఎండిపోయిన నరానికి నీళ్ళు పోసి పెంచలేం పెద్దాయనా." కంపెనీ పెట్టే కంటి పరీక్షలో గోడమీది అక్షరాలు అతనికి ఎప్పుడో కంఠతా వచ్చు. ఒకసారి అడగకుండానే చివరి వరస చెప్పేసి మెప్పు కూడా పొందాడు. ఇంకో పద్నాలుగు నెలలు ఇలాగే నెట్టుకొస్తే చేతికొక గడియారం పెట్టి మర్యాదగా సాగనంపుతారు.

ఇంట్లో మాత్రం దాగలేదు. ఒకరోజు కాఫీలో పంచదారకు బదులు ఉప్పు వేసుకుని, తప్పు పట్టుబడుతుందని మాట్లాడకుండా తాగేశాడు. భార్య గ్లాసు అడుగు నాకి చూసింది. "పెళ్ళైనప్పటినుంచీ నా కాఫీకి వంక పెట్టని రోజు ఇదొక్కటేనండీ," అంది. ఆ మర్నాడు పంచదార డబ్బా మూతకు, తడిమితే తెలిసేలా, రబ్బరు బ్యాండు చుట్టింది. ఇవాళ పొద్దున క్యారేజీ చేతికిస్తూ, "నాతో చెప్పుకుని ఏం లాభం? ఆ పిల్లతో చెప్పండి," అంది. అతను చెప్పులు వెతుక్కున్నాడు. అవి కాళ్ళకే ఉన్నాయి.

మధ్యాహ్నం ఇద్దరూ అట్టపెట్టెల చాటున కూర్చుని తిన్నారు.

"పదహారు సంచులూ కట్టాను. నువ్వు చూశావుగా బాబాయ్?"

"చూశాను."

"మరి ఆయనతో ఆ ముక్క చెప్పవూ? నీ మాటంటే వింటాడు."

అతను పెరుగు కలుపుకున్నాడు. ఇంతకుముందే కలుపుకున్నాడని ఆమె చెప్పలేదు.

తిన్నాక పొద్దుటి కంటైనరు దగ్గరకే వెళ్ళాడు. సరుకు ఇంకా ఎక్కించలేదు. "ఒకసారి లోపలికి రా," అన్నాడు. ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు తలుపులు మూశాడు.

"ఏం కనిపిస్తోంది?"

"చీకట్లో ఏం కనిపిస్తుంది, నా మొహం." ఆమె అడుగులు రెండు పక్కకు జరిగాయి. "ఆగు. అదిగో. రెండు చుక్కలు. కాదు, మూడు."

"ఎటు?"

"ఎటేంటి బాబాయ్? నీ నెత్తిమీదే."

అతను తలెత్తాడు. తలెత్తినా దించినా ఒకటే నలుపు. "అవునవును" అనేసరికి కొంచెం ఆలస్యమైంది. చీకట్లో మనిషి మొహం దాచుకోవచ్చు కానీ ఆలస్యాన్ని దాచుకోలేడు.

"మరి ఆ వెనక్కొచ్చింది?" అందామె నెమ్మదిగా.

"అదీ ఇలాంటిదే అయ్యుంటుంది."

"నీకు తెలుసా?"

"ఫొటోలు చూసినప్పుడే తెలిసింది."

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బావుండుననుకున్నాడు.

"మూడు వారాలు," అందామె. "మూడు వారాలు నా పక్కన కూచుని నా కూర అడిగి వేయించుకుని తిన్నావు."

తలుపు మూడుసార్లు ఆమే తట్టింది.

నాలుగింటికి ఆమెకంటే ముందు అతనే మేనేజరు గదిలోకి వెళ్ళాడు. చెప్పవలసింది నాలుగు మాటల్లో చెప్పాడు. మేనేజరు నమ్మలేదు.

"ఆ అమ్మాయి మీద జాలి ఉండొచ్చు. అంతమాత్రాన నేరం నెత్తిన వేసుకుంటారా? మీ కన్నేమిటో నాకు తెలీదా? ఆ గోడమీద ఏముందో చెప్పండి చూద్దాం."

"గోడ కనిపిస్తోంది బాబూ. దానిమీద ఏదో ఉందని మీరంటే కాదనను."

మేనేజరు గోడమీది పెద్ద ఓడ బొమ్మ వైపు చూశాడు, అతనివైపు చూశాడు, తరవాత బల్లమీది కాగితాలు సర్దుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అన్నీ మర్యాదగానే చేశాడు. రేపటినుంచి రానక్కర్లేదన్నాడు. పింఛను సంగతి పైవాళ్ళు చూస్తారన్నాడు, పైవాళ్ళు చూడని సంగతులకు వాడే గొంతుతో. బయట నిలబడ్డ ఆమెను పిలిచి, "నీ పనికేం ఢోకా లేదు. ఇవాళ్టినుంచి వెలుతురు పరీక్ష కూడా నువ్వే చూడు. ఓడకు టైమవుతోంది," అన్నాడు.

వేరే కంటైనరు తెప్పించారు. ఆమె లోపలికి వెళ్ళబోతుంటే అతను దగ్గరకు వచ్చాడు.

"తలుపు మూయగానే చూడకు. నూరు లెక్కపెట్టు. మూలలు ముందు చూడు."

ఆమె అతనివైపు తిరగలేదు. "డ్రైవరన్నా, మూసెయ్," అంది.

అతను గేటు వైపు నడిచాడు. ముప్పై ఒక్కేళ్ళు నడిచిన దారి, అడుగులకు తెలుసు. సగం దారిలో ఉండగా వెనకనుంచి మూడు దెబ్బలు వినిపించాయి. ఆగాడు. తలుపు తెరిచిన కిర్రుమనే చప్పుడు, "రెండున్నాయి, కుడిమూల" అన్న ఆమె గొంతు. మళ్ళీ నడిచాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ గుర్తింపు కార్డు తీసుకున్నాడు.

"టోపీ కూడా ఇచ్చెయ్ బాబాయ్. కంపెనీదేగా. పోనీ, రేపెవరిచేతన్నా పంపు."

"రేపెవరు పంపుతారు," అని అతను తీసి ఇచ్చాడు. ఒట్టి తలతో, రోడ్డు దాటించేవాళ్ళ కోసం కాబోలు, గేటవతల కాసేపు నిలబడ్డాడు. వాచ్‌మన్ మళ్ళీ చూసేసరికి అక్కడ లేడు.

వాచ్‌మన్ ఆ పసుపుపచ్చ ప్లాస్టిక్ టోపీని గదిలో అరమీద బోర్లా పెట్టబోయి, ఏదో కదిలినట్టయి తిప్పి చూశాడు. చేరిన మొదటిరోజు తలకు వదులైందని లోపల దోపుకున్న అట్టముక్క, బఠాణీల పెట్టెనుంచి చింపింది. ముప్పై ఒక్కేళ్ళ చెమటకు నల్లబడి, తల ఆకారంలో వంగిపోయింది. 'పొడిగా ఉన్న చోట ఉంచవలెను' అన్న అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. అట్ట ఇంకా తడిగానే ఉంది.