పదును వాన

జూన్ మొదటి వారం. ఆ ఏటి తొలి వాన కురిసిన మరునాడు పొద్దున ఎనిమిదిన్నరకు ఫిర్దోస్ వర్షమాపకం మూత తీసింది. లోపలి సీసాలోని నీటిని కొలత గ్లాసులోకి వంపి చూసింది. ఇరవై రెండు మిల్లీమీటర్లు. హసన్‌పర్తి దగ్గరి ఆ చిన్న వాతావరణ కేంద్రంలో ఆమె చేరి మూడు నెలలైంది. రోజూ రీడింగులు రాయడం, చుట్టుపక్కల రైతుల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టడం ఆమె పని.

“తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది,” అని ఫోన్లో చెబుతుంటే, కంచె లోపల కూలికి గడ్డి పీకుతున్న సమ్మమ్మ కిసుక్కున నవ్వింది.

“ఎందుకు నవ్వుతానవ్ చిన్నమ్మా?”

“మోస్తరంటే ఎంత బిడ్డా?”

“రోజుకు పదహారు నుంచి అరవై నాలుగు మిల్లీమీటర్ల దాకా.”

“గా మిల్లీమీటర్లు మాకేం ఎరుక? పత్తి గింజ పెట్టాల్నా వద్దా, గది చెప్పు. నిన్నటి నీ ముచ్చట విని మా ఆయన రాయమల్లు విత్తనాల సంచి పట్టుకొని చేను కాడికి పోయిండు.”

ఫిర్దోస్ ఫోన్ దించింది. పత్తి పెట్టాలంటే అరవై మిల్లీమీటర్లయినా పడాలని ఆమె చదువుకుంది. ఆ మాట మాత్రం ఒక్కనాడూ రైతులకు చెప్పలేదు.

ఇద్దరూ ఉరుకులు పరుగుల మీద చేనుకు వెళ్లారు. సమ్మమ్మ కొడవలితో మట్టి పెళ్లగించింది. పైన బెత్తెడు తడి, కింద పొడి దుమ్ము.

“దీన్ని పదునంటరా? గింజ మొలిచి మాడిపోతది,” అంది సమ్మమ్మ.

రాయమల్లు వినలేదు. “పక్క చేన్ల చంద్రమౌళి పెట్టబట్టె. నేను ఆగితే, రేపే వానొస్తే ఎవలు జిమ్మేదారు?”

“నేను కాకా,” అంది ఫిర్దోస్. రాయమల్లు సంచి మూతి కట్టాడు.

ఫిర్దోస్ అక్కడే గట్టు మీద నిలబడి మెసేజ్ మళ్లీ పెట్టింది. ఈసారి మాట్లాడింది సమ్మమ్మ: “నిన్నటి వాన ఇరవై రెండు. దుమ్మణిగింది గని పదును రాలే. అరవై దాటేదాక పత్తి గింజ ముట్టకున్రి. నేను సమ్మమ్మను చెప్తాన.”

ఆ తర్వాత మబ్బు జాడే లేదు. తెల్లటి చెక్కపెట్టెలో పక్కపక్కనే ఉండే రెండు థర్మామీటర్లను ఫిర్దోస్ రోజూ చూసేది. ఒకటి పొడిది, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. రెండింటికీ తేడా పది డిగ్రీలు. అంటే గాలి ఎండిపోయి ఉందన్నమాట. రాయమల్లు గేటు దగ్గరికొచ్చి, “మేడం, మేం ముసలోళ్లమయ్యేలోపు వానొస్తదా?” అని అడిగి పోయేవాడు. ఆమెకు అన్నం సయించేది కాదు. పక్క చేనులో చంద్రమౌళి మొలకలు ఎనిమిదో రోజుకు వాడి నేలకు ఒరిగాయి.

తొమ్మిదో రోజు పొద్దున తేడా రెండు డిగ్రీలకు దిగింది. ఫిర్దోస్ నమ్మలేక మళ్లీ చూసింది. గాలి దిక్కు చూపే బాణం నైరుతికి తిరిగి కదలకుండా నిలిచింది.

“చిన్నమ్మా, గాలి నిండ తేమ!”

సమ్మమ్మ నడుం నిలబెట్టి ఆకాశం చూసింది. “మొగులు గూడ దిగింది బిడ్డా. ఇయ్యాల ఇడువది.”

మధ్యాహ్నం మొదలైన వాన చీకటిపడేదాకా కుండపోతగా కురిసింది. తెల్లారి కొలిస్తే అరవై ఎనిమిది. సమ్మమ్మ చేనులో మట్టి పిసికితే ముద్ద కట్టింది. “గిదీ పదునంటే!” అని ఆ ముద్దను మొగుడి చేతిలో పెట్టింది. రాయమల్లు సంచి విప్పాడు. ఈసారి చంద్రమౌళి కూడా ఆయన వెనకే మళ్లీ విత్తుకున్నాడు.

వారం తిరిగేసరికి రెండు చేన్లూ సాళ్లు తేలి పచ్చగా కనిపించాయి. రాయమల్లు వచ్చి వర్షమాపకం చుట్టూ తిరిగి చూశాడు.

“గింత డబ్బానా నన్ను తొమ్మిది రోజులు ఆపింది?”

“డబ్బా కాదయ్యా, ఆపింది నేను,” అంది సమ్మమ్మ.

సమ్మమ్మ వాయిస్ మెసేజ్ గ్రూపు దాటి ఎక్కడెక్కడికో పోయిందని ఫిర్దోస్‌కు ఆ సాయంత్రం తెలిసింది. రఘునాథపల్లి నుంచి ఎవరో రైతు ఫోన్ చేశాడు.

“సమ్మమ్మ మేడం ఉన్నదా?”

ఫిర్దోస్ నవ్వు ఆపుకొని సమ్మమ్మ గడ్డి పీకుతున్న వైపు కేకేసింది. “మేడం! ఫోను నీకే.”

సమ్మమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని ఫోనందుకుంది. తమ దిక్కు పదునైందో లేదో చెప్పమన్నాడు అవతలి మనిషి.

“మీ చేన్ల పదును నాకెట్ల తెలుస్తది కొడుకా?” అంది సమ్మమ్మ. “నువ్వే వంగి మట్టిల చెయ్యి పెట్టు. నేను లైన్ల ఉంట.”