పదకొండు గంటల ఫోటోలు

ఆ ఉదయం ఆకాశం మంచులా కిందికి దిగి సముద్రపు కట్ట మీద కూర్చుంది. కట్ట మీది గొర్రెలు కనపడడం లేదు, అరుపులు మాత్రం వినిపిస్తున్నాయి. ఆ మంచులోంచే తపాలా ఆవిడ వచ్చి గెస్కే చేతిలో లావుపాటి కవరు పెట్టి పోయింది.

కవరు కంపెనీది. ఓడల బీమా కాగితాలు చూసే ఉద్యోగం గెస్కేది. రెండేళ్లుగా ఇంటి నుంచే చేస్తోంది. పోయిన నెల, 'నా గురించి మీ దగ్గరున్నవన్నీ ఇవ్వండి' అని చట్టప్రకారం రాసింది. గడువు లోపలే ఇచ్చేశారు. అందులో దాచుకోవలసింది ఉందని వాళ్లకు తోచనే లేదు.

కుర్చీలో ఉందో లేదో చూడడానికి కంపెనీ కంప్యూటరు పది నిమిషాలకొకసారి తన ఫోటో తీస్తుందని ఆమెకు తెలుసు. పదకొండింటికి తీయదనుకుంది. ఆ తీరంలో పదకొండింటికి ఎవరూ పని చెయ్యరు, అరగంట టీ తాగుతారు. గెస్కే ఆ అరగంటలోనే, మంచం పట్టిన తండ్రికి ఒళ్లు తుడిచేది. మంచం ఆమె కుర్చీకి వెనకే.

కవరు విప్పితే ఫోటోలు. పదకొండూ పది. పదకొండూ ఇరవై. బట్టల్లేని తండ్రి. పక్కకు తిప్పిన తండ్రి. ప్రతి ఫోటో కిందా ఎవరో రాశారు: "ఉద్యోగి కుర్చీలో లేదు. రెండో వ్యక్తి ముసలివాడు, ఒంటి మీద బట్టల్లేవు." ఒకచోట, "మళ్లీ అదే."

గెస్కే ఫోటోలు బల్ల మీద బోర్లించింది. వెళ్లి చేతులు కడుక్కుంది. తుడుచుకుని, మళ్లీ కడుక్కుంది.

కబురందుకుని ఫొక్కో వచ్చాడు. పెదనాన్న కొడుకు, కంపెనీలో ఉద్యోగుల సంఘానికి పెద్ద. ఆ సంఘం సంతకం లేనిదే ఇలాంటి కాపలా పెట్టడానికి వీల్లేదు.

"టీ వేళ కుర్చీలో లేకపోయినా లెక్కలోకి రాదని రాయించాను కదమ్మా. దానికోసం మూడు మీటింగులు కొట్లాడాను."

"లెక్కలోకి రాలేదులే అన్నా. ఫోటో తియ్యకూడదని రాయించావా?"

ఫొక్కో టోపీ చేతుల్లో తిప్పాడు. "టీ దక్కిందన్న సంబరంలో మిగతా పేజీలు చదవలేదు."

"సంబరానికేం, బాగానే ఉంది."

"కంపెనీవాళ్లతో మాట్లాడాను. చెరిపేస్తామంటున్నారు. క్షమాపణ రాసిస్తారట. నువ్వు ఫిర్యాదు చేస్తే ఇవన్నీ ప్రభుత్వ అధికారులూ చూస్తారు. చిన్నాన్న పరువు ఆలోచించు."

గెస్కే భయమూ అదే. ఫిర్యాదు రాసిపెట్టి కూడా పంపలేక ఆగింది.

మంచం మీంచి తండ్రి హిన్రిక్ గొంతు వచ్చింది. నలభై ఏళ్లు రొయ్యల పడవ నడిపిన గొంతు. "నా పరువు సంగతి నన్నడగండ్రా, ఇంకా బతికే ఉన్నాను. ఇలా తే."

"వద్దు నాన్నా."

"తెమ్మన్నాను."

ఇచ్చింది. ఒక్కొక్కటే చూశాడు. ఒకదాని దగ్గర ఆగి, కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"నా వీపు మీద పుండు ఇంత పెరిగిందా? చిన్నదేనన్నావు."

గెస్కే దుప్పటి అంచు సర్దింది.

"నాకంటే ముందు వాళ్లకు తెలుసన్నమాట. అక్కడ కుర్చీలో కూర్చుని ఎవడో కాఫీ తాగుతూ నా పుండు చూశాడు." నోట్లోంచి ఏదో ఊసెయ్యాలన్నట్టు పెదాలు తుడుచుకున్నాడు. "పంపవే."

"అందరూ చూస్తారు నాన్నా."

"చూడకూడనివాళ్లు ఎలాగూ చూశారు. ఇప్పుడు చూడాల్సినవాళ్లు చూడనీ." ఫొక్కో వైపు తిరిగాడు. "ఫిర్యాదు కింద నువ్వూ సంతకం పెట్టు. చదవకుండా ఒప్పుకున్నానని రాసి మరీ పెట్టు."

"సంఘంలోంచి తీసేస్తారు చిన్నాన్నా."

"తియ్యనీ. ముందు ఇది చూడు."

ఫొక్కో చూపు తిప్పుకోబోయాడు. ముసలాయన ఫోటో అలాగే పట్టుకున్నాడు. దించలేదు. ఫొక్కో చూశాడు. ఆ పుండునీ, కింది రాతనీ చూశాడు. బల్ల దగ్గర నిలబడే నాలుగు వాక్యాలు రాసి, సంతకం పెట్టాడు.

గెస్కే ఫిర్యాదూ ఫోటోలూ కవరులో పెట్టి అంటించి, వెళ్లి తపాలా డబ్బాలో వేసి వచ్చింది. తండ్రిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, మంచం పక్కకు బల్ల జరిపింది. ఉడికిన చలికాలపు ఆకుకూర, బంగాళాదుంపలు, పొగబెట్టిన సాసేజి మూడు పళ్లేల్లో పెట్టింది. ఫొక్కో వెళ్తానని లేచాడు. హిన్రిక్ ఫోర్కుతో కుర్చీ చూపించాడు.

ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. ఫొక్కో సాసేజి ముక్కలుగా కోశాడు, చాలాసేపు నోట పెట్టుకోలేదు. తర్వాత తిన్నాడు.