ఈసీజీలు లామినేషన్ చేయబడవు

ఇంకా ఎర్రలైటే, లామినేషన్ మిషను వేడెక్కడానికి ఇంకో నిమిషం పడుతుంది, ఈ నిమిషంలో ఈ పిల్ల మనసు మార్చుకుని వెళ్లిపోతే ఎంత బాగుండును అనుకున్నాడు సదాశివ, కానీ ప్రణవి వెళ్లలేదు, ఆబిడ్స్ సందులో అగ్గిపెట్టెంత ఆ జిరాక్స్ దుకాణం కౌంటరు మీద మోచెయ్యి ఆనించి నిలబడింది, అచ్చం వాళ్ల నాయన భూపాల్ నిలబడినట్టే, రెండో చెయ్యి మాత్రం ఛాతీ మీద, ఈ మధ్య ఆ చెయ్యి అక్కడి నుంచి తీయడమే లేదు, కాకా, జర పైలంగ చెయ్యి, నాయనది గిదొక్కటే ఉన్నది, గీతలు మాసిపోతున్నయ్, రేపు పదింటికి డాక్టర్‌కు చూపెట్టాలె అంటోంది, మూడేళ్ల కిందట నాంపల్లి దవాఖానలో తీసిన ఈసీజీ కాగితం, గులాబీరంగు గడుల మీద తన దోస్తు గుండె ఆఖరుసారి గీసిన గీతలు, ఏమన్నడు బిడ్డా డాక్టరు, అని అడగకూడదనుకుంటూనే అడిగాడు, ఏమంటడు కాకా, ఏ అలవాటు లేకుండ నలభై ఒక్కటికే పోయిండంటే అది నెత్తురులనే ఉన్నదేమో, నీకూ రావచ్చు, పరీక్షలన్ని అయ్యేదాంక ఉరుకుడు బంద్ అన్నడు, కానిస్టేబుల్ సెలక్షన్ రన్నింగ్ ఇంక ఇరవై రోజులే ఉన్నది, అమ్మయితే నేను మెట్లెక్కినా ఏడుస్తది, అని నవ్వబోయి ఆగిపోయింది, ఏ అలవాటు లేకుండ, ఎవరు చెప్పారు ఆ మాట, చెప్పినవాడు ఎదురుగానే ఉన్నాడు, ప్లాస్టిక్ కవర్లు వెతుకుతున్నట్టు తల దించుకుని.

మూడేళ్ల కిందటి ఆ సోమవారం సాయంత్రం, ఇదే దుకాణం మేడ మీద, నీళ్ల ట్యాంకు చాటున, ప్రతి సోమవారం అక్కడే ఇద్దరూ, దాన్ని అలవాటు అనుకున్నదే లేదు, శివయ్య ప్రసాదం అనుకున్నారు, సిగరెట్టా ఏమన్ననా, ఆకే కదరా, దీంతోని ఏమైతది అనేవాడు తను, ఆరో తరగతిలో బడి మానేసినవాడికి అన్నీ తెలిసినట్టు, గంజాయి నలిపి చిలుంలో కూరిందీ తనే, రెండు దమ్ములు లాగి భూపాల్ ఛాతీ పట్టుకున్నాడు, అరే సదా, దిల్ గుర్రం లెక్క ఉరుకుతుంది రా, ఉరకనియ్ బే, మలక్‌పేట రేసుల పెడదాం, అని తను పగలబడి నవ్వాడు, ట్యాంకు నిండినప్పుడల్లా ఆ నవ్వే వినిపిస్తుంది, తర్వాత ఆటో, మొజంజాహీ మార్కెట్ దగ్గర కదలని ట్రాఫిక్, తన భుజం మీద చెమటతో చల్లబడ్డ వాడి తల, దవాఖానలో కుర్ర డాక్టరు ఆ కాగితం చూస్తూనే, ఏమన్న తాగిండా, గంజాయి గిట్ల పీల్చిండా, దాచకుండ్రి, తెలిస్తే మాకు పనికొస్తది, అన్నాడు, అప్పుడే ఉరికొచ్చిన భూపాల్ భార్య తన ముఖంలోకే చూస్తోంది, అంగీ జేబులో మిగిలిన పొట్లం, చాయ్ తప్ప ఏ అలవాటు లేదు సార్, ఎంత సాఫీగా జారిందో నోట్లోంచి, చెబితే బతికేవాడా, ఏమో, గంజాయే తీసుకుపోయిందా, లోపల ఇంకేదైనా ఉన్నదా, అదీ ఏమో, తెలుసుకోగలిగినవాడు అడిగాడు, తను చెప్పలేదు, పదకొండో రోజున పదిమందీ పుణ్యాత్ముడు, ఏ చెడు తెలియనివాడు అంటుంటే అందరికంటే ముందు తల ఊపింది తనే, దోస్తు ఇజ్జత్ కాపాడినా అని మూడేళ్లుగా తనకు తానే చెప్పుకుంటున్నాడు, చెప్పుకోవడానికి మళ్లీ మేడ ఎక్కుతున్నాడు, ఇవాళ మధ్యాహ్నం కూడా ఎక్కాడు, అందుకే కాబోలు ఇప్పుడు పక్కటెముకల కింద డబడబా డబడబా.

పచ్చలైటు వెలిగింది, కాకా, అయిపోయిందా, అయితాంది బిడ్డా, కాగితం కవరులోకి, కవరు మిషన్లోకి, రెండు రోలర్లు దాన్ని మెల్లగా లాక్కున్నాయి, కాలిన వాసన ఏదో వచ్చింది, అవతల నుంచి బయటికొచ్చింది నున్నగా, మెరుస్తూ, ఒక్క గీత లేకుండా, నల్లగా, కాకా, ఏంది గిది, గిట్లెట్లయింది, ఆమె కళ్లు కాగితం మీది నుంచి అతని తల వెనక వేలాడే అట్ట మీదికి వెళ్లాయి, అతనే వంకర అక్షరాలతో రాసుకున్న అట్ట, కరెంటు బిల్లులు, బస్సు టికెట్లు, ఈసీజీలు లామినేషన్ చేయబడవు, నువ్వే రాసినవు కదా కాకా, అంది మెల్లగా, తిట్టినా బాగుండేది.

నేనే రాశాను, వేడి తగిలితే నల్లబడే కాగితమని, ముందు జిరాక్స్ తీసి ఆ జిరాక్స్‌నే లామినేషన్ చెయ్యాలని ఎంతమందికి చెప్పి ఉంటాను, పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఈ చెయ్యి తప్పు చేయలేదు, ఇవాళా చేయలేదేమో, ఆ రోజు నోరు చేసిన పనే ఇవాళ చెయ్యి చేసిందేమో, ఇజ్జత్ అంటే ఎవరి ఇజ్జత్, నా జేబులో పొట్లం, నా వేళ్ల మధ్య నలిగిన ఆకు, కాపాడుకున్నది దాన్నే, దానికోసం ఒక పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసుకుని బతుకుతోంది, ఇగ రేపు డాక్టర్‌కు ఏం చూపెట్టాలె అంటోంది ప్రణవి, కళ్లు తుడుచుకుంటూ, ఆ సాయంత్రం సంగతి తెలిసిన కాగితం కాలిపోయింది, తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు, సదాశివ మిషను స్విచ్ తీసేశాడు, రేపు నేను వస్త బిడ్డా, అన్నాడు, మీ నాయనకు ఒక అలవాటు ఉండె, నేర్పింది నేనే.