నాలుగో తొట్టి

పాచమ్మ కర్ర ముంచి నాలుగో తొట్టిని అడుగు నుంచి కలిపింది. నీళ్లలో పెంచిన పాచి ఆకుపచ్చదనం పోగొట్టుకుని నారింజ రంగుకు తిరుగుతోంది. ఎరువు ఆపేసి, ఉప్పు పెంచి, నెత్తిమీద దీపాలు మండిస్తే ఆ కంటికి ఆనని నలుసులు చావలేక బతుకుతూ కడుపులో నూనె దాచుకుంటాయి. ఆ నూనెతోనే ఇంధనం చేస్తారు.

పనిలో చేరిన కొత్తలో ఆమెకిది మింగుడు పడలేదు. పాలిపోయిన తొట్టిని చూసి కడుపు తరుక్కుపోయి, ఎవరూ చూడకుండా బకెట్టుతో ఎరువు నీళ్లు పోసింది. వారం తిరిగేసరికి తొట్టి పచ్చగా కళకళలాడింది, నూనె మాత్రం లేదు. సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. షెడ్డంతా పాచమ్మ అని పేరు పెట్టింది. అసలు పేరు ఇప్పుడెవరికీ గుర్తు లేదు.

అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచి, చదివించి, ఓ ఇంటివాణ్ణి చేసింది. తన సంగతి చూసుకునే తీరిక దొరకలేదు. అయ్యో పాపం అనడానికి వచ్చినవాళ్లను మాత్రం గడప తొక్కనివ్వలేదు.

ఇవాళ ఆ తమ్ముడే షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె గుండె బాగా బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. పని మాన్పించి తనింటికి తీసుకుపోదామని ఆటో కూడా తెచ్చాడు.

"ఇక చాలక్కా. ఇంటికొచ్చి హాయిగా కూర్చో."

"కూర్చోబెట్టి మేపితే ఏమవుతుందో ఒకసారి చూశాన్లేరా."

"డాక్టరు మాట విన్నావా అసలు?"

"విన్నా. ఆయన గుండె సంగతి చెప్పాడు, తొట్టి సంగతి చెప్పలేదు. ఈ తొట్టి నీళ్లు వడపోతకు దించాక వస్తా. అందాకా ఆ స్టూలు మీద నువ్వే కూర్చో."

తమ్ముడు ఆటోను పంపేసి వచ్చి కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచీ అక్కతో వాదించి నెగ్గింది లేదు.

సాయంత్రం సూపర్‌వైజరు తొట్టి నీళ్లు గ్లాసులోకి కాస్త తీసి, వెలుగులో చూసి తలూపాడు. వాల్వు మీదకు పోయిన అతని చేతిని పాచమ్మ పక్కకు నెట్టింది.

"దీన్ని ఆకలికి మాడ్చింది నేను. దించేదీ నేనే."

వాల్వు మొరాయించింది. ఆమె అంతకంటే మొండిది. రెండు చేతులా బిగించి తిప్పేసరికి నారింజ నీళ్లు వడపోత గుడ్డ మీదకు దూకాయి. చిక్కటి ముద్ద పేరుకుంటుంటే ఆమెకు గర్వంతో నవ్వొచ్చింది. కర్రను తొట్టికి ఆనించి, తమ్ముణ్ణి లేపి స్టూలు మీద కూర్చుంది. గోడకు తల వాల్చి కళ్లు మూసుకుంది.

తొట్టి ఖాళీ అయింది.

"మాటంటే మాటేగా అక్కా. పద," అన్నాడు తమ్ముడు.

ఆమె పలకలేదు. మళ్లీ మొండికేసిందనుకుని భుజం పట్టుకున్నాడు. ఒళ్లోంచి చెయ్యి జారి వేలాడింది. అతను అక్క కాళ్ల దగ్గరే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సూపర్‌వైజరు తొట్టి మీది దీపాలు ఆర్పేశాడు.

ఆమె కర్ర తొట్టికి ఆనించినట్టే ఉంది. పట్టు దగ్గర ఆమె వేళ్లు అరగదీసిన గుంటలు, కింది చివరన ఇంకా ఆరని నారింజ రంగు.