మీట మధ్య గీత మీద

డ్రమ్మర్ వెళ్ళిపోవడంతో బ్యాండ్ ఆగిపోయింది, అని రాశాను, అందులో అబద్ధమేముంది, వాడు వెళ్ళిపోయాడు, మేం ఆగిపోయాం, అక్షరం అక్షరం నిజమే, అయినా బస్సులో ఒళ్ళో పెట్టుకున్న ఈ కాగితం మీద ఆ ఒక్క వాక్యాన్నే మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను, పక్క సీటావిడ నేనేదో రాజీనామా రాసుకుంటున్నానని జాలిగా చూస్తోంది, లిఫ్టులు బాగుచేసుకునేవాడికి ఈ వయసులో చరిత్ర రాసే పనేమిటి, అదీ చెవులు చిల్లులు పడే వేగంతో వాయించే ఓ థ్రాష్ మెటల్ బ్యాండు చరిత్ర, తుప్పు అని పేరు పెట్టుకున్న ముగ్గురం, మూడేళ్ళు, ఒకే ఒక్క క్యాసెట్, ముప్పై చిల్లర ప్రదర్శనలు, అందులో సగం వాటికి కరెంటు పోయింది, మా ఇంట్లోవాళ్ళు కూడా మర్చిపోయిన సంగతి, కానీ పాత క్యాసెట్లు వెతికి మళ్ళీ విడుదల చేసే ఓ అమ్మాయి మర్చిపోనివ్వదే, అంకుల్ రెండు పేజీలు రాయండి చాలు, మొదటి పాటలో ఆ డ్రమ్ముల వేగం మనిషి చేతులకి ఎలా వచ్చిందో అది తప్పకుండా రాయండి, అందరికీ కావాల్సింది అదే అంది, సరేనమ్మా అన్నాను, ఇలాంటి చోట సరే అనడం నాకు బాగా అలవాటు.

టైర్ల గోడౌన్ మీది గది అది, గోడలకి పాత పరుపులు మేకులు కొట్టి వేలాడదీశాం, ఆదివారం గోడౌన్ మూసేస్తారు కాబట్టి ఆ ఒక్క రోజే మా గోల, పాడుతూ బేస్ వాయించేవాణ్ణి పీక అనేవాళ్ళం, ఇప్పుడు వాడు చిన్నపిల్లల బళ్ళో మాస్టారు, అక్కడా అరుపే, డ్రమ్మర్‌ని సుత్తి అనేవాళ్ళం, నోరు విప్పి రెండు ముక్కలు మాట్లాడనివాడికి ఆ పేరు పెట్టడం మా వెటకారం, పగలు షాపులకి బోర్డులు రాసేవాడు, మా క్యాసెట్ మీద తుప్పు అన్న అక్షరాలు వాడి కుంచెవే, ఇంక నాది గిటారు, రికార్డింగ్ మెషిన్ కూడా నాదే, కాబట్టి రికార్డింగూ నా పనే, ఒక వైపుకి నాలుగు పాటలు, కొలిస్తే పదహారు నిమిషాలు వచ్చింది, మాకు దొరికిన ఖాళీ క్యాసెట్లకి వైపుకి పదిహేనే, చివరి పాటలో పీక అరుపు సగంలో తెగిపోతోంది, మెషిన్‌కి వేగం మార్చే చిన్న మీట ఉంటుంది, మధ్యలో గీత, గీత మీద ఉంటే మామూలు వేగం, పైకి జరిపితే ఎక్కువ, దాన్ని కొంచెం పైకి జరిపాను, ఇంకొంచెం జరిపాను, అరుపు మొత్తం పట్టి రెండు సెకన్లు మిగిలాయి, హమ్మయ్య అనుకుని అలాగే యాభై కాపీలు తీశాను, ఇంతే, ఇంతకన్నా పెద్ద పాపమేదీ ఆ రోజు నా బుర్రలో లేదు, వచ్చే ఆదివారం చెబుదాంలే అనుకున్నాను.

వచ్చే ఆదివారం చెప్పలేదు, ఎందుకంటే నేను గది చేరేసరికే, పాటల మీద చేత్తో పత్రిక రాసి పంచే ఓ పొడుగాయన మా క్యాసెట్ విని వచ్చి అక్కడున్నాడు, సుత్తి రెండు చేతులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు, ఇంత వేగం నేను ఎక్కడా వినలేదు అంటున్నాడు, పీకేమో నా గొంతు ఇంత పదునా అని మురిసిపోతున్నాడు, సుత్తి స్పీకరుకి చెవి ఆనించి మూడుసార్లు విని నా వైపు తిరిగి, ఇది నేనేనా రా, అన్నాడు, కాకపోతే మీ తాతా, అన్నాను, అందరం నవ్వాం, వాడు అంతలా నవ్వడం నేను మొదటిసారి చూశాను, ఆ నవ్వు చూశాక నోరెలా వస్తుంది, వస్తుంది, రావాలి, రానివ్వలేదు.

తర్వాత ఎక్కడ వాయించినా క్యాసెట్ అరిగేలా విన్నవాళ్ళే ముందు వరసలో, ఇంకా ఇంకా అని కేకలు, వాడు ఎప్పటిలాగే కొడుతుంటే ఇవాళ ఏదో తగ్గిందే అనేవాళ్ళు, దాంతో వాడు కర్రలు పక్కనపెట్టి ఇనప కడ్డీలతో సాధన మొదలుపెట్టాడు, పగలు కుంచె, సాయంత్రం కడ్డీలు, మణికట్టు వాచిపోయి గుడ్డ చుట్టుకుని వచ్చేవాడు, ఓ రోజు నన్ను పక్కకి పిలిచి, ఆ రికార్డింగ్ రోజు నేనెలా కూర్చున్నానో గుర్తుందా, స్టూలు ఎత్తు ఎంతుంది, అని అడిగాడు, ఇదిగో ఇక్కడ, ఇక్కడైనా చెప్పాల్సింది, చెప్పకపోగా కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, కాస్త కిందికి ఉన్నట్టు గుర్తు అన్నాను, మర్నాడు వాడు స్టూలు కాళ్ళు రెండు వేళ్ళ మందం రంపంతో కోసేశాడు, కోసిన నాలుగు చెక్కముక్కలూ గది మూల చాలాకాలం పడుండేవి, నేను వాటిని చూడకుండా గిటారు శృతి చేసుకునేవాణ్ణి, చివరికి బోర్డు మీద గుండ్రటి అక్షరం రాయబోతే వాడి చెయ్యి వణికింది, ఓ షాపాయన బోర్డు వెనక్కి పంపాడు, డాక్టరు ఇంక డ్రమ్ము ముట్టుకోవద్దన్నాడు, ఆ ఆదివారం వాడు కర్రలు తెచ్చి నా ఆంప్లిఫయర్ మీద పెట్టి, మీ పరువు తియ్యలేను రా, ఇంకొకణ్ణి చూసుకోండి అన్నాడు, నాకు ఏడుపొచ్చింది, నిజమే, కానీ ఆ ఏడుపు కింద ఓ మూల హాయిగా కూడా అనిపించింది, ఇంక బయటపడదు కదా అని, సిగ్గులేని హాయి, ఇన్నేళ్ళూ నేను మోస్తున్నది దాన్నే.

బస్సు దిగి వెళ్ళేసరికి, సుత్తి ఇప్పుడు నడుపుతున్న రంగుల షాపులో వాడి భార్య కౌంటర్ దగ్గరుంది, రండన్నయ్యా, ఎన్నాళ్ళకి, అంటూ కుర్చీ లాగింది, లోపల వాడు డబ్బాలో చుక్కలు లెక్కగా వేసి మూత బిగించి, ఊపే యంత్రంలో పెట్టాడు, అది దడదడలాడుతుంటే వాడి ఎడమచెయ్యి కౌంటర్ మీద దానితోపాటు కొడుతోంది, కుడిచెయ్యి జేబులో ఉంది, మన బ్యాండు చరిత్ర రాస్తున్నానన్నాను, చరిత్రా, చదువు, అన్నాడు, చదివాను, డ్రమ్మర్ వెళ్ళిపోవడంతో, దాకా చదివి కాగితం మడిచాను, వాడు తలూపి, రాయి, నిజమే కదా, ముంచింది నేనే, కాకపోతే ఒక్క రోజు మాత్రం ఈ చెయ్యి అలా కొట్టిందని కూడా రాయి, మా అమ్మాయి తన స్నేహితులకి వినిపిస్తుంది, మా నాన్నేనంటే నమ్మరట, అన్నాడు, ఇదే, ఇదే మాటని నేను ఇన్నేళ్ళూ అడ్డం పెట్టుకున్నాను, వాడికి మిగిలింది ఆ ఒక్క రోజు, అదెందుకు లాక్కోవాలి, వాడి కోసమే చెప్పడం లేదు అని, ఎంత మంచివాణ్ణో నేను, నిన్న అటక మీంచి ఆ మెషిన్ దించి, అసలు టేపు పెట్టి, మీట మధ్య గీత మీదికి తెచ్చి ఫోన్‌లోకి ఎక్కించాను, వినిపించడానికో, వినిపించకుండా తిరిగి వెళ్ళడానికో తెలియకుండానే, ఇప్పుడు ఇయర్‌ఫోన్లు వాడి చేతిలో పెట్టాను, వాడు విన్నాడు, కనుబొమలు ముడిపడ్డాయి, పాటలు ఒక వైపుకి పట్టక మెషిన్ మీట పైకి జరిపాను రా, క్యాసెట్‌లో ఉన్న వేగం నీది కాదు, నీది ఇది, అన్నాను.

ఊపే యంత్రం ఆగింది, వాడు ఇయర్‌ఫోన్లు తియ్యలేదు, ఎంత జరిపావు అన్నాడు, నూటికి ఏడు అన్నాను, మరి స్టూలు, అన్నాడు, స్టూలు ఎప్పుడూ ఉన్న ఎత్తే అన్నాను, కొడతాడనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను, వాడు కుడిచెయ్యి జేబులోంచి తీసి కౌంటర్ మీద పెట్టి చాలాసేపు దాన్నే చూశాడు, అయితే ఆ తర్వాత ముప్పై చోట్లా నేను సరిగ్గానే కొట్టానన్నమాట, అన్నాడు, నన్ను కాదు, ఆ చెయ్యినే అడుగుతున్నట్టు, ఔనన్నాను, వాడు పాట మళ్ళీ మొదటికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, నాకేసి చూడలేదు, క్షమించాననీ అనలేదు, అనక్కర్లేదు, వాడికి మిగిలిన ఒక్క రోజుని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను గానీ తక్కిన రోజులన్నీ వాడి దగ్గర లాక్కున్నది నేనే, ఒక్క మాటకి, సరిగ్గానే కొడుతున్నావు రా అన్న ఒక్క మాటకి వాడు కడ్డీలు పడేసేవాడు, స్టూలు కోసేవాడు కాదు, కాగితం తీసి ఆ వాక్యాన్ని నాలుగోసారి కొట్టేశాను, మా డ్రమ్మర్ చివరిదాకా సరిగ్గానే కొట్టాడు, అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, చెప్పలేదు, అందుకే బ్యాండ్ ఆగిపోయింది.