ల్యాబు పేరుతో వచ్చే మెయిలు

ఆ రోజు మెయిలు కంపెనీల నుంచి వచ్చిన నివేదికల్లో పదకొండోది చదువుతున్నాడు ఏసుపాదం. ఒక్కో వరుస కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతాడు. బక్కపలచని మనిషి, యాభై ఎనిమిదేళ్లు. అమలాపురం కోర్టు ఎదుట ఇరవయ్యేళ్లు టైపు కొట్టిన వేళ్లు కణుపుల దగ్గర లావెక్కి, కీబోర్డు మీద ఇప్పటికీ గట్టిగా పడతాయి. అల్లవరంలోని ఈ రొయ్యల ల్యాబులో పన్నెండేళ్లుగా కంప్యూటరు ఆపరేటరు. రొయ్యలకు జబ్బు పరీక్షలయ్యాక రిజల్టు రైతుకు మెయిల్లో పంపడం అతని పని.

రెండు నెలల కిందట, అచ్చంగా ల్యాబు చిరునామా నుంచే వచ్చినట్టు, సుబ్బరాజు అనే రైతుకు ఒక మెయిలు వెళ్లింది. చెరువులో వైట్ స్పాట్ జబ్బు ఉంది, వెంటనే పట్టుబడి చేయమని. ఆయన నమ్మి, ఇంకా ఎదగని నలభై అయిదు రోజుల రొయ్యని ఆ పూటే పట్టించేశాడు. చెరువుకు ఏ జబ్బూ లేదు. ఆ మెయిలు ల్యాబు పంపలేదు.

ఏసుపాదాన్ని ఎవరూ ఏమీ అనలేదు. అయినా అతనికి అన్నం సయించలేదు. కూర్చుని నేర్చుకున్నాడు. కవరు మీద ఎవరి పేరైనా రాయగలిగినట్టే మెయిలు మీదా రాయవచ్చునట. ఆపాలంటే, ల్యాబు తరఫున పంపే సర్వర్ల జాబితా బయట పెట్టాలి. నిజమైన ప్రతి మెయిలు మీదా ఇంకెవరూ వేయలేని ముద్ర పడాలి. రెండూ సరిపడని దాన్ని ఏం చేయాలో మెయిలు కంపెనీలకు ముందే చెప్పి ఉంచాలి. మొదటి రెండూ వారంలో చేశాడు. మూడోదానికి తొందరపడలేదు. ప్రస్తుతానికి దేన్నీ ఆపవద్దు, నాకు తెలియజేస్తే చాలు అని పెట్టి, ఆరు వారాలు రోజూ నివేదికలు చదివాడు. అర్జెంటు రిజల్టులు పంపే రెండో సర్వరు జాబితాలో లేదని అలాగే బయటపడింది. తొందరపడి ఉంటే నిజమైన కబుర్లే ఆగిపోయేవి.

ల్యాబు యజమాని రాజేశ్వరమ్మ వచ్చి వెనక నిలబడింది.

"ఇవాళ పెట్టేస్తున్నారా, ఏసుపాదంగారూ?"

"ఆయ్. మనవన్నీ సరిగ్గా వెళ్తున్నాయండి."

ఒక్క మాట మార్చాడు. ఇక దొంగ మెయిళ్లను తిప్పికొట్టమని.

మధ్యాహ్నం సుబ్బరాజు వచ్చాడు. ఆ దెబ్బ తిన్నప్పట్నుంచి మెయిలు నమ్మక, కాగితం కోసం తానే వస్తున్నాడు. ఏసుపాదం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మీ ఫోను చూస్తూ ఉండండి. మా పేరు పెట్టి బయట నుంచి నేనే ఓ దొంగ మెయిలు కొడుతున్నానండి."

పది నిమిషాలు చూశారు. రాలేదు. స్పామ్‌లోనూ లేదు. తరవాత అసలు రిజల్టు పంపాడు. ఫోను మోగింది.

"ఇది మీదేనాండీ?"

"మాదేనండి. చిరునామాలో అక్షరం తేడా ఉంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యండి."

సుబ్బరాజు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అయితే రేపట్నుంచి రానక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదండి. ఊరికే వచ్చినా టీ ఇస్తాం."

ఆ ఆదివారం వేకువన ఏసుపాదం నిద్రలోనే పోయాడు. రోజూ అతను తీసే ల్యాబు తలుపు సోమవారం రాజేశ్వరమ్మే తీసింది.

నెల తిరిగాక ఎవరో మళ్లీ ల్యాబు పేరుతో నూట నలభై మంది రైతులకు మెయిళ్లు పంపారు. ఒక్కటీ చేరలేదు. రైతులకు ఆ సంగతే తెలియదు. మర్నాటి నివేదికలో రాజేశ్వరమ్మ ఆ లెక్క నిలబడే చదివింది. కూర్చోలేదు. ఏసుపాదం కుర్చీ వీపుకు నాలుగు మడతలు పెట్టి వేసిన నీలం గళ్ల తువ్వాలు, మధ్యలో రంగు వెలిసి, అలాగే ఉంది.