నాలుగున్నర అడుగుల తెల్లకాగితం

కరుణాకరం మోకాళ్ల మీద వంగి గచ్చు మీద బలపంతో గీతలు గీస్తున్నాడు. మార్కాపురంలో మేడ మీద పది అడుగుల గది అతని స్టూడియో. ఫోటో దిగేవాళ్ల వెనక గోడ నుంచి కాళ్ల కింద దాకా పరిచే తెల్లకాగితం చుట్ట చివరికొచ్చింది. కొత్తది నాలుగున్నర అడుగులదా, తొమ్మిది అడుగులదా, ఈ పూటే ఒంగోలు దుకాణానికి చెప్పాలి. తొమ్మిదైతే కుటుంబాలు పడతాయి. కానీ బీరువా బయటికి పోవాలి, తలుపు సగమే తెరుచుకుంటుంది, లావుపాటివాళ్లు పక్కకి తిరిగి లోపలికి రావాలి.

"మంచిదేగా, వచ్చినోళ్లంతా సన్నగా పడతారు," అంది భార్య పుష్పమ్మ, టీ గ్లాసు సరిగ్గా గీత మీదే పెట్టి.

నాలుగున్నరే అని ఖాయం చేసుకుని ఫోను తీసేలోపు తర్లుపాడు వైపు నుంచి గొర్రెల ఓబులయ్య, భార్య రమణి, ఇద్దరు పిల్లలు, వాళ్ల వెనక ఆయన తల్లి రాఘవమ్మ మెట్లెక్కి వచ్చారు. ఓబులయ్య కరుణాకరాన్ని పక్కకి లాగి గొంతు తగ్గించాడు. అమ్మకి గుండె బాగాలేదు. ఇంట్లో ఆమె ఫోటో లేదు. ఆధార్ కార్డులో ఉన్నది ఆమెలా లేదు, ఎవరిలానూ లేదు. ఆమె ఒక్కదాన్నే తీయాలి, ఎందుకో ఆమెకి తెలియకూడదు.

ముసలివాళ్లని ఒంటిగా ఫోటోకి కూర్చోబెట్టేది ఎందుకో ఆ వైపు గొర్రెలకి కూడా తెలుసు.

"ఒంటిగా దిగను నాయనా," అంది రాఘవమ్మ మట్టికొట్టుకున్న కాళ్ల నుంచి చెప్పులు విడుస్తూ. "ఒంటి ఫోటో దండేసేదానికే. ఇంటిల్లిపాదీ ఉంటే దిగుతా."

అందరినీ తీసి, తర్వాత మధ్య ముక్క కత్తిరించుకోవచ్చని కరుణాకరం రెండు వేళ్లు కత్తెరలా ఆడించి ఓబులయ్యకి సైగ చేశాడు. ఆమెని కాగితం నడుమ స్టూలు మీద కూర్చోబెట్టాడు. కాగితం ఆమెకే సరిపోయింది. మిగతావాళ్లు అటూ ఇటూ గచ్చు మీదే నిలబడ్డారు. ఓబులయ్య వెనక బీరువా, రమణి వెనక చీపురు. తీరా నొక్కబోతుంటే రాఘవమ్మ కోడలి చేయి లాగి తన భుజం మీద వేసుకుని గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు కొయ్యి, ఎట్ల కోస్తావో."

అందరూ నవ్వారు. అప్పుడే నొక్కాడు.

బొమ్మ చూడటానికి అంతా కంప్యూటర్ దగ్గరికి పోయారు. స్టూలు మీద ఆమె ఒక్కతే మిగిలింది, ఇంకా నవ్వుతూనే. వెనక తెల్లకాగితం. కరుణాకరం చేతిలో కెమెరా. ఓబులయ్య ఇటే చూస్తున్నాడు. కరుణాకరం కెమెరా ఎత్తాడు.

"నాయనా," అంది ఆమె మెల్లగా.

అతను కెమెరా దించి మూత పెట్టాడు. వాళ్లు పోయాక ఒంగోలుకి ఫోన్ చేసి తొమ్మిది అడుగులదే పంపమన్నాడు.

వారానికి వచ్చిన ఆ చుట్ట మెట్ల మలుపు తిరగలేదు. తాళ్లు కట్టి వీధిలోంచి లాగుతుంటే టీకొట్టు దగ్గరున్నవాళ్లు తలో దారి చెప్పారు. చివరికి పైకి చేరింది. చెమట తుడుచుకుంటూ కరుణాకరం వెనక్కి తిరిగితే, గుమ్మంలో ఓబులయ్య గుండుతో నిలబడి ఉన్నాడు.

"అమ్మ పోయిందన్నా. నిద్రలోనే."

కంప్యూటర్లో మధ్య ముక్క కత్తిరిస్తే నవ్వుతున్న రాఘవమ్మతో పాటు ఆమె భుజం మీద రమణి చేయి కూడా, గాజులతో సహా వచ్చింది. చెరిపేయమంటావా అని అడిగాడు కరుణాకరం.

"ఉండనీ అన్నా. ఒంటిగా దిగనన్నది గదా."

సాయంత్రం బీరువా బయటికి పోయింది, కొత్త కాగితం గోడకెక్కింది. పుష్పమ్మ పక్కకి తిరిగి లోపలికొచ్చి, పాత కాగితం మురికి కొస ఇంకా కోసి పారేయలేదేమని అడిగింది. అతను దాన్ని నేల మీద పరిచాడు. నాలుగున్నర అడుగుల తెలుపు నడుమ, ఎర్రమట్టి పాదాలు రెండు, పక్కపక్కనే.